తొట్లకొండ పక్కనే ఉంది, మరి స్క్రీన్ మీద ఏం చూపించాలి? హిస్టరీ టీచర్లకు ఒక పోలిక

పోయినేడు మా ఆరో తరగతి పిల్లలకి, విశాఖ దగ్గర పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ మీద తీసిన పద్నాలుగు నిమిషాల డ్రోన్ వీడియో వేశాను. నీలం సముద్రం, పచ్చటి కొండ, గుండ్రటి స్తూపం, వెనకాల వేణువు. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. నేనూ మురిసిపోయాను. అయ్యాక "ఏం తెలిసిందర్రా?" అంటే మూడో బెంచీ కుర్రాడు లేచి, "డ్రోన్ షాట్లు సూపర్ సార్" అన్నాడు. ఇంకొకడికి మ్యూజిక్ నచ్చింది. బౌద్ధ భిక్షువుల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

మర్నాడు క్లాసులోని అదే డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) మీద ఒకే ఒక్క ఫొటో పెట్టి కుర్చీలో కూర్చున్నాను. బండరాతిని తొలిచి చేసిన తొట్టి, అడుగున కాస్త నీళ్ళు. "ఇది ఎవరికి, ఎందుకు కావాల్సొచ్చింది?" అని అడిగి ఊరుకున్నాను. స్నానానికన్నారు. గేదెలకన్నారు. స్విమ్మింగ్ పూల్ అని ఒకడంటే అందరూ నవ్వారు. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "కొండ మీద నుయ్యి పడదు కదండీ, వాన నీళ్ళు పట్టుకుని ఉంటారు" అంది. అక్కడి నుంచి పాఠం దానంతటదే నడిచింది. ఎంతమందికి ఎన్ని నీళ్ళు కావాలి? ఊళ్ళో ఉండకుండా కొండెక్కడం దేనికి? మరి అన్నం ఎవరు పెట్టారు? అక్కడ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయని నేను చెబుతుండగా లంచ్ బెల్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు అన్నం సంగతి మర్చిపోయి బోర్డు దగ్గరే నిలబడ్డారు.

ఆ వీడియో వెతకడానికి నాకు గంటన్నర పట్టింది. ఫొటో ఐదు నిమిషాల్లో దొరికింది.

భీమిలి వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. స్టాఫ్ రూమ్‌లోనూ ట్రైనింగుల్లోనూ నన్ను ఎక్కువగా అడిగేది "ఏ యాప్ బాగుంటుంది, ఏ ఛానెల్ మంచిది" అని. నేను చూసుకునేది వేరే. అది ఆన్ చేశాక పిల్లాడికి ఏం పని మిగిలింది? కళ్ళప్పగించి చూడ్డం తప్ప వేరే పని లేకపోతే ఎంత ఖరీదైన వస్తువైనా నా లెక్కలో కిందే ఉంటుంది. ఈ పోలిక అంతా ఆ కొలబద్దతోనే చేశాను కాబట్టి కొన్ని వాటికి కాస్త అన్యాయం జరిగితే జరిగి ఉండొచ్చు.

వీడియో: నాలుగు నిమిషాలు చాలు

యూట్యూబ్ మీద నాకు పగేం లేదు. కళింగ యుద్ధం గురించి నోటితో చెప్పడం కన్నా ఒడిశాలో ధౌళి బండ మీద అశోకుడు చెక్కించిన అక్షరాలు ఒక్క నిమిషం చూపించడం మేలు. కదిలే వస్తువు అర్థం కావాలంటే వీడియోకి సాటి లేదు. మగ్గం ఎలా నేస్తుంది, పాత ముద్రణ యంత్రంలో అచ్చు ఎలా పడుతుంది, తెరచాప ఓడ గాలికి ఎలా తిరుగుతుంది, ఇవి ఫొటోలో తెలియవు.

ఇబ్బంది తెలుగులో దొరికే వాటితో. మన చరిత్ర మీద తెలుగులో ఉన్న వీడియోల్లో చాలా భాగం గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివేవాళ్ళ కోసం చేసినవి. రాజులు, సంవత్సరాలు, బిరుదులు, గడగడా చదివేస్తారు. పోటీ పరీక్షకి అది సరిపోతుంది, పదకొండేళ్ళ పిల్లకి అది ఫోన్ నంబర్ల జాబితా. ఇంగ్లిష్‌లో మంచివి ఉన్నాయి గానీ, పుస్తకంలో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష పెట్టుకుని చదువుకునే మా పిల్లలకి ఆ వేగం అందదు. అందుకే ఇంగ్లిష్ వీడియో అయితే సౌండ్ తీసేసి నేనే తెలుగులో మాట్లాడతాను. మొదట్లో సిగ్గుగా ఉండేది, ఇప్పుడు అదే నాకు ఇష్టం. ఎక్కడ ఆపాలో నా చేతుల్లో ఉంటుంది.

నిడివి నాలుగైదు నిమిషాలు దాటనివ్వను. రెండు సార్లు వేస్తాను, మొదటిసారి ఊరికే, రెండోసారి ఒక ప్రశ్న బోర్డు మీద రాసి. నెట్ మీద ఆధారపడకండి. ముందురోజు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. 480 క్వాలిటీలో పది నిమిషాలకి సుమారు 50 నుంచి 80 ఎంబీ అవుతుంది, ఫుల్ హెచ్‌డీ అయితే మూడు నాలుగు రెట్లు. క్లాసులో లైవ్‌గా వేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. అశోకుడు పశ్చాత్తాపపడే ఘట్టంలో రమ్మీ యాడ్ వచ్చింది. ఆ వారమంతా నన్ను చూసి పిల్లలు కిసుక్కున నవ్వేవారు.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే దీక్ష (ప్రభుత్వ యాప్) పాఠాలు ఉచితం, ఫోన్‌లో దింపుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి, సిలబస్ దాటవు. జ్వరమొచ్చి నాలుగు రోజులు బడికి రాని పిల్లకీ, పరీక్ష ముందు పునశ్చరణకీ వాటినే చెబుతాను. కొత్త పాఠం మొదలుపెట్టడానికి మాత్రం వాడను. జవాబు ముందే తెలిసిపోతే ఇక ప్రశ్న ఎవరు అడుగుతారు?

పాత ఫొటో, మ్యాపు, గూగుల్ ఎర్త్: రోజువారీ పాఠానికి నా మొదటి ఓటు

ఖర్చు తక్కువ, కరెంటు పోతే ప్రింటు తీసుకున్నదైనా చూపించొచ్చు, పిల్లలకి పని ఎక్కువ. విశాఖ లాంటి ఊరికైతే ఇంతకన్నా నప్పేది లేదు. ఈ ఊరు వందేళ్ళలో మారినంతగా మారిన ఊళ్ళు తక్కువ.

పోర్టు పాఠం తీసుకోండి. 1900 ప్రాంతంలో తీసిన డాల్ఫిన్స్ నోస్ (రేవు పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ) ఫొటో ఒకటి పక్కన, ఇప్పటి ఉపగ్రహ చిత్రం ఒకటి పక్కన పెట్టి, "తేడాలు పది రాయండి" అంటాను. పాత దాంట్లో కొండ ఉంది, ఉప్పుటేరు ఉంది, ఇసుక మేట ఉంది. ఓడలు ఎక్కడో దూరంగా సముద్రంలో ఆగి ఉంటాయి. "సార్, ఓడ ఒడ్డుకెందుకు రాలేదు?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న మీద పీరియడ్ నడిచిపోతుంది. లోతు లేదు. సరుకంతా పడవల్లో మోసేవారు. మధ్య పరగణాల (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం ఇటు దిగాలి, అందుకు రైలు కావాలి, రేవు కావాలి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది, ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. అలల దెబ్బ ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి కావాలనే ముంచేశారని చెబితే మత్స్యకారుల పిల్లలు నమ్మలేదు. "మంచి ఓడని ఎవరైనా ముంచుకుంటారా సార్?" అన్నారు. పాతవిరా బాబూ అన్నాను.

వెతికేటప్పుడు ఒక చిట్కా. విశాఖపట్నం అని కొడితే ఇప్పటి హోటళ్ళు, బీచ్ సెల్ఫీలు వస్తాయి. ఇంగ్లిష్‌వాళ్ళు రాసిన పాత స్పెల్లింగ్ కొట్టండి: వి, ఐ, జెడ్, ఎ, జి, ఎ, పి, ఎ, టి, ఎ, ఎం. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. అలాగే భీమిలికి బిమ్లిపటం, ఇటు విశాఖకి వాల్టేరు అని కూడా. వికీమీడియా కామన్స్‌లో పాత ఫొటోలు, నీటిరంగుల చిత్రాలు ఉన్నాయి, వాడుకోవడానికి అనుమతి గొడవ కూడా తక్కువ. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు, పాత తెలుగు పత్రికల సంచికలు ఉన్నాయి. 2019 డిసెంబరులో కేంద్ర సాంస్కృతిక శాఖ తెచ్చిన ఇండియన్ కల్చర్ పోర్టల్ కూడా పనికొస్తుంది గానీ, అందులో మనకి కావాల్సింది పట్టుకోవడానికి ఓపిక ఉండాలి. ఆదివారం పొద్దున్న పని అది, పీరియడ్ మధ్యలో చేసేది కాదు.

గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్, అంటే ఏళ్ళ తరబడి ఉపగ్రహ చిత్రాల వరస, 1984 నుంచి మొదలవుతుంది. గంగవరం దగ్గర ఆపి, సంవత్సరాలు ముందుకు జరపండి. తీరం తీరంగా ఉన్నది, 2009లో పోర్టు మొదలయ్యే నాటికి లోపలికి కోసుకుపోయి ఓడలు ఆగే బేసిన్ అయిపోతుంది. దాని పక్కనే స్టీల్ ప్లాంటు. మొదటి సంవత్సరాల చిత్రాలు మసకగా ఉంటాయి, ఇల్లూ వాకిలీ కనబడవు, ఏదో మరక కదిలినట్టుంటుంది. అదీ చెప్పండి. ఉపగ్రహానికి ఊరు కనబడుతుంది, మనుషులు కనబడరు. బడిలో నెట్ లేకపోతే ఇంట్లో స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. నేను అదే చేస్తాను.

తొట్లకొండకి ఇంకో రకం పోలిక కుదురుతుంది. 2019 అక్టోబరు వానలకి అక్కడి మహాస్తూపం కూలింది, తర్వాత మళ్ళీ కట్టారు. దానికి ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో పక్కపక్కన పెడితే పిల్లలకి ఒక గట్టి సంగతి బుర్రకెక్కుతుంది. మనం చూస్తున్న "రెండు వేల ఏళ్ళ నాటి" ఇటుకల వరసలో ఎంత పాతది, ఎంత కొత్తది అని అడగాలన్న ఆలోచన.

తాత గొంతు: అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా లాభం

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంటుంది. చాలామంది టీచర్లు దాన్ని డిజిటల్ మీడియా కింద లెక్కే వెయ్యరు. నా మటుకు నాకు ఈ జాబితాలో దాన్ని మించింది లేదు.

1971 యుద్ధం పాఠం వచ్చినప్పుడు తొమ్మిదో తరగతికి ఒక పని ఇచ్చాను. ఇంట్లోనో వీధిలోనో అరవై ఐదు దాటినవాళ్ళని పట్టుకుని, పది నిమిషాలు మాట్లాడించి రికార్డు చేసుకు రండి. ఇరవై రెండు ఫైళ్ళు వచ్చాయి. సగం పనికి రాలేదు. ఒక దాంట్లో మిక్సీ చప్పుడు తప్ప ఏం వినబడదు. మరో దాంట్లో తాతగారు యుద్ధం వదిలేసి మనవడి మార్కుల మీద పడ్డారు. కానీ మత్స్యకారుల జాలారిపేట నుంచి వచ్చిన ఒక ఫైలు క్లాసంతా మూడుసార్లు విన్నాం. "ఆ రాత్రి ఢామ్మని సౌండొచ్చింది బాబూ. తాటాకులు అదిరిపోయాయి. మా యమ్మ భూకంపం అనుకుని మమ్మల్ని వీధిలోకి లాగేసింది. దీపం ఎట్టొద్దన్నారు కదా, చీకట్లో ఒకర్నొకరు తడుముకున్నాం. తెల్లారి మా నాన్నోళ్ళు వేటకెళ్ళనా మాననా అని ఒడ్డునే నిలబడిపోయారు."

ఇప్పుడు అసలు పని. ఒక ముసలాయన ఆ పేలుడు డిసెంబరు మూడో తారీఖు అన్నాడు. ఒకావిడ నాలుగు అంది. ఇద్దరిలో ఎవరిది తప్పు? పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలో మునిగింది 3వ తేదీ రాత్రికీ 4వ తేదీ తెల్లవారుజాముకీ మధ్య. అంటే ఇద్దరూ ఒప్పే. పైగా 4న నేవీ డే చేస్తాం కాబట్టి ఘాజీ వల్లే నేవీ డే అని ఊళ్ళో చాలామంది అనుకుంటారు, అది మాత్రం కరాచీ మీద మన నౌకలు చేసిన దాడికి గుర్తు. అసలు ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద కూడా రెండు కథనాలు ఉన్నాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకి (నీళ్ళ అడుగున పేలే బాంబులకి) అని మన నేవీ, లోపల పేలుడు వల్లనో తను పరిచిన మైన్ వల్లనో అని పాకిస్తాన్. క్లాసుని రెండుగా విడదీసి వాదించుకోమన్నాను. గొంతులు చించుకున్నారు. పక్క క్లాసు లెక్కల మేడమ్ వచ్చి తలుపు వేసి వెళ్ళారు.

ఇదే పని స్టీల్ ప్లాంటు మీదా చేయించొచ్చు. 1966 నాటి "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" నినాదం గోడల మీద ఇప్పటికీ ఉంది, పిల్లలకి నోటికొచ్చు. దాని వెనక ప్రాణాలు పోయిన సంగతి తెలియదు. భూములిచ్చిన ఊళ్ళ సంగతి అసలే తెలియదు. గాజువాక వైపు నుంచి వచ్చి మా దగ్గర చేరిన ఒక కుర్రాడు వాళ్ళ మామ్మ దాచుకున్న ఆర్ కార్డు ఫొటో తీసి తెచ్చాడు. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. ఆ కార్డు చూపిస్తే నిర్వాసితుల కుటుంబానికి ప్లాంటులో ఉద్యోగం అని ఆశ. ప్యానెల్ మీద పెద్దది చేసి చూపించాను. నేను విడిగా పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

చేయించే ముందు కొన్ని జాగ్రత్తలు. పెద్దవాళ్ళని "రికార్డు చేసుకోమంటారా?" అని అడిగాకే బటన్ నొక్కాలి, ఆ అడగడం కూడా రికార్డులో వినబడాలి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మధ్యలో మావయ్య ఫోన్ చేస్తాడు. ఫ్యాను ఆపాలి. ఫోన్ కింద తువ్వాలు మడిచి పెడితే బల్ల చప్పుడు రాదు. ప్రశ్న "అప్పుడు మీకు ఎన్నేళ్ళు, ఎక్కడున్నారు" అని మొదలవ్వాలి. "యుద్ధం గురించి చెప్పండి" అంటే టీవీలో విన్నదే చెబుతారు. ఆ ఫైలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదని పిల్లలకి గట్టిగా చెప్పాలి. అది వాళ్ళ ఇంటి మాట, మనకి అప్పిచ్చారు.

దీనికి మైనస్ ఒక్కటే, టైమ్. మూడు వారాలు పడుతుంది. ఏడాదికి ఒక్కటి చేయించగలిగితే గొప్ప. సిలబస్ టెన్షన్ ఉన్న పదో తరగతికి నేను ఇవ్వను.

సినిమా క్లిప్పులు, చాట్‌బాట్లు

ఈ రెండిటినీ ఒక గాటన కట్టడానికి కారణం ఉంది. రెండూ అచ్చం నిజంలా ఉంటాయి.

ఘాజీ మీద వచ్చిన తెలుగు సినిమాలో మన సబ్‌మెరైన్ ఎదురుపడి పోరాడుతుంది. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసిన మా పిల్లలు ఆ పోరాడింది ఇదేనని ఖాయం చేసేసుకున్నారు. కురుసుర 1969లో నేవీలో చేరింది, 1971లో అరేబియా సముద్రం వైపు గస్తీ తిరిగింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, మరుసటి ఏడాది నుంచి ఇసుకలో మ్యూజియంగా ఉంది. మరో పెద్ద సినిమా చూశాక అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ ప్రాణ స్నేహితులని వాదించినవాళ్ళు మా క్లాసులో డజను మంది ఉన్నారు. అల్లూరి పుట్టిన పాండ్రంగి మాకు అట్టే దూరం కాదు. అయినా సరే, సినిమాదే గెలుపు. ఆయన 1924 మేలో కొయ్యూరులో బ్రిటిష్‌వాళ్ళ తూటాలకి బలయ్యారు, భీమ్ ఆదిలాబాద్ అడవుల్లో నిజాం మీద పోరాడి 1940లో చనిపోయారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో ఆధారం లేదు.

అందుకని సినిమాని నిషేధించమనను. రెండు నిమిషాల క్లిప్పు వేసి "ఇందులో కల్పన ఏది, ఎలా కనిపెడతావు?" అని అడిగితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎటొచ్చీ, సాక్ష్యంగా వాడకూడదు, ముద్దాయిగా నిలబెట్టాలి.

చాట్‌బాట్‌కీ అదే మర్యాద. మన్యం తిరుగుబాటు మీద ప్రాజెక్టు ఇస్తే ఒక పిల్ల చక్కటి తెలుగులో రెండు పేజీలు తెచ్చింది. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి ఏడాది తప్పు. సీతారామరాజు చేసిన ఉపన్యాసం అంటూ ఒక పేరా కొటేషన్లలో ఉంది, ఎక్కడిదమ్మా అంటే "ఫోన్ చెప్పింది సార్" అంది. కోప్పడలేదు. ఆ రెండు పేజీలూ ప్యానెల్ మీద పెట్టి, అందరి చేతా ఎర్ర పెన్ను పట్టించాను. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, 1922 ఆగస్టు 22, 23, 24, వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు. పుస్తకాల్లో వెతికి వాళ్ళే సరిచేశారు. ఆ తేదీలు ఇక మర్చిపోరు. టీచర్‌గా ప్రశ్నపత్రం తయారు చేసుకోవడానికో, ఇంగ్లిష్ వ్యాసం సారాంశం తెలుసుకోవడానికో నేనూ చాట్‌బాట్ వాడతాను. పేరు, తేదీ, ఎవరో అన్న మాట, ఈ మూడూ మాత్రం దాని దగ్గర్నుంచి ఎప్పుడూ తీసుకోను. ఇప్పుడు వస్తున్న మాట్లాడే శ్రీకృష్ణదేవరాయల ఏఐ వీడియోలైతే సరదాకి కూడా క్లాసులో వెయ్యను. మీసం బాగుంటే మాటా నిజమే అనుకునే వయసు వాళ్ళది.

మిగతావి, త్వరత్వరగా

వీఆర్ కళ్ళజోడు (పెట్టుకుంటే ఆ చోటే ఉన్నట్టు చూపించేది): డబ్బున్న స్కూళ్ళు అడ్మిషన్ల బ్రోచర్‌లో వేసుకోవడానికి కొంటాయి. లెక్క చూడండి. ఒక హెడ్‌సెట్, నలభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాల పీరియడ్. తలకి నిమిషం. మిగతా ముప్పై తొమ్మిది మంది ఏం చేస్తారు? పైగా ఈ రంగంలో వస్తువు కొన్నంత కాలం యాప్ ఉండదు. బడుల కోసం గూగుల్ నడిపిన ఎక్స్‌పెడిషన్స్ 2021లోనే మూతపడింది, దానికోసం అట్ట కళ్ళజోళ్ళు కొన్నవాళ్ళకి అట్ట మిగిలింది.

క్విజ్ యాప్‌లు: శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి మంచివి. గోల, నవ్వులు, లీడర్ బోర్డు. చరిత్ర మాత్రం నాలుగు ఆప్షన్లలో ఇమిడేది కాదు. ఫోన్లు లేని చోట గూగుల్ ఫామ్ కూడా దండగే, చేతులెత్తమంటే సరి.

టైమ్‌లైన్ తయారుచేసే ఉచిత సాధనాల్లో టైమ్‌లైన్ జేఎస్ బాగుంటుంది. గూగుల్ షీట్‌లో తేదీ, ఫొటో లింకు, రెండు వాక్యాలు నింపితే అదే బొమ్మగా మారుస్తుంది, తెలుగు అక్షరాలూ తీసుకుంటుంది. కంప్యూటర్ ల్యాబు ఉన్న బడికి ఏడాది ప్రాజెక్టుగా పనికొస్తుంది. ల్యాబు లేకపోతే నులక తాడు, చార్టు ముక్కలు, బట్టలకి పెట్టే క్లిప్పులు. వెయ్యేళ్ళకి ఎంత తాడు, వందేళ్ళకి ఎంత అని పిల్లలు కొలిచి కట్టాలి. బావికొండ బౌద్ధారామానికీ పోర్టుకీ మధ్య ఎంత తాడు ఖాళీగా వేలాడుతోందో చూసి మా వాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఆ ఎఫెక్ట్ కంప్యూటర్‌లో రాదు.

అయితే మీరేం తీసుకోవాలి?

బడిలో ప్యానెల్ ఉంది, నెట్ అంతంతమాత్రం అంటే: పాత ఫొటోలు, మ్యాపులు, స్క్రీన్ రికార్డు చేసిన గూగుల్ ఎర్త్, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పాఠాల వారీగా ఫోల్డర్లు. ఏడాదికి ఇరవై ఫొటోలు పోగేస్తే చాలు, వచ్చే ఏడాది మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. దసరా సెలవుల్లో కూర్చుంటే అయిపోతుంది.

ప్యానెల్ లేదు, మీ ఫోన్ ఒక్కటే ఉంది అంటే: ప్రొజెక్టర్ కోసం దాతల చుట్టూ తిరగకముందు రెండు వేల లోపు వచ్చే బ్లూటూత్ స్పీకర్ కొనండి. చిన్న బొమ్మ నలభై మందికీ కనబడదు, గొంతు మాత్రం అందరికీ వినబడుతుంది. తాతల రికార్డింగులు వినిపించడానికి అదే ప్రొజెక్టర్ కన్నా నయం. బొమ్మ కావాలంటే జెరాక్స్ షాపులో ఏ3 సైజు ప్రింటు.

పిల్లలందరికీ ట్యాబులున్న బడి అయితే మీకు అసూయపడుతూ చెబుతున్నాను, ట్యాబులో పాఠం వీడియో చూపించకండి. తలా ఒక ఫొటో ఇచ్చి జూమ్ చేసి వెతకమనండి. సింహాచలం స్తంభం మీది శాసనం, భీమిలి డచ్చి సమాధి రాయి మీది అక్షరాలు. చదవలేకపోయినా ఎన్ని వరసలున్నాయి, ఏ లిపిలా ఉంది, ఎక్కడ పగిలింది అని రాస్తారు. సింహాచలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం కూడా ఉందనీ, ఆయన 1516లో ఇక్కడికి వచ్చాడనీ ఆ తర్వాత చెప్పండి, ముందు కాదు.

ఇంట్లో పిల్లలకి చూపించుకుందామనుకునే తల్లిదండ్రులు యాప్ సబ్‌స్క్రిప్షన్ డబ్బులు మిగుల్చుకోవచ్చు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి ఒక సాయంత్రం తీసుకెళ్ళండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలినది ఒకటి అక్కడుంది. దాన్ని చూసి ఇంటికొచ్చాక, "జపాన్ ఎక్కడ, మనమెక్కడ, ఇంత దూరం ఎలా వచ్చారు?" అని పిల్లాడే మ్యాపు తెరుస్తాడు. అప్పుడు ఫోన్ ఇవ్వండి.

ప్రయాణం, స్క్రీన్, రెండిట్లో ఏది ముందు అని అడుగుతారు. నేను సగం స్క్రీన్ ముందు, సగం తర్వాత పెడతాను. తొట్టి ఫొటో చూసి తగువులాడుకున్న ఆ ఆరో తరగతినే జనవరిలో 900కే బస్సెక్కించి, మలుపు దగ్గర దిగి, కొండెక్కించాం. నీళ్ళ సీసాలు మోయలేక సగం మంది దారిలోనే తాగేశారు. పైకెళ్ళాక వెనక బెంచీ పిల్ల నేరుగా తొట్టి దగ్గరకెళ్ళి, టేపు లేక చున్నీతో పొడవూ వెడల్పూ కొలిచింది. "సార్, ఫొటోలో చిన్నగా ఉంది, ఇదింత ఉందేంటి?" అంది. చున్నీ పరిచి నా ఫోన్‌తో ఫొటో తీయించింది, కొలత తెలియాలని. ఈ ఏడాది ఆరో తరగతికి చూపిస్తున్నది ఆ ఫొటోనే.